కాబూల్ రుబాబ్ మీద యమన్: ఎక్కడి వాద్యం, ఎక్కడి రాగం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కర్ణాటక సంగీతం కొంత నేర్చుకున్నారు. హుమాయూన్ సఖీ అనే అఫ్గాన్ విద్వాంసుడు రుబాబ్ అనే తీగల వాద్యం వాయిస్తున్న వీడియో ఒకటి చూశారు, కింద రాగం పేరు యమన్ అని ఉంది, అంటే హిందుస్తానీలో మన కల్యాణికి జోడు. వింటే కల్యాణి ఛాయ తెలుస్తోంది గానీ మన కల్యాణిలా లేదు, సితార్ మీద విన్న యమన్‌లానూ లేదు. అసలు అఫ్గానిస్తాన్‌లో రాగాలేమిటి, మనవి అక్కడికి వెళ్ళాయా, అక్కడివే మనకొచ్చాయా? వైజాగ్‌లో కూర్చుని ఈ వాద్యం నేర్చుకోవడం కుదిరే పనేనా? నేను వీణతో మొదలుపెట్టి సరోద్‌కి మళ్ళినవాణ్ణి. ఇంట్లో ఒక రుబాబ్ కూడా ఉంది, దాంతో కుస్తీ పడుతూనే ఉంటాను. కాబట్టి చేతికి తెలిసినంత మేర చెప్తాను.

ముందు ఎవరిది ఎవరికొచ్చింది అన్న సంగతి. రాగం ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళింది, వాద్యం అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చింది. ఈ రెండు ప్రయాణాలూ వేర్వేరు కాలాల్లో జరిగాయి. వాటిని కలిపేసి ఒకే కథగా చెప్పడం వల్లే ఇంటర్నెట్‌లో ఇంత గందరగోళం.

వాద్యం ముందు వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో పఠాన్‌లు సైనికులుగా, గుర్రాల వ్యాపారులుగా ఉత్తర భారతానికి వస్తూ తమ రుబాబ్‌ను వెంట తెచ్చుకున్నారు. బంగష్ తెగకు చెందిన గులాం బందగీ ఖాన్ అలా వచ్చి రీవా సంస్థానంలో స్థిరపడ్డాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. ఆయన మనవడు గులాం అలీ ఖాన్ గ్వాలియర్ చేరాడు. చర్మపు పొట్ట అలాగే ఉంచి, చెక్క మెడ మీద లోహపు రేకు బిగించి, నరం తీగల బదులు లోహపు తీగలు వేసి, మెడ మీద స్వరస్థానాలు చూపే మెట్లు తీసేస్తే వచ్చిందే సరోద్. ఆ మార్పుల ఘనత తమదేనని ఒకటికి మించి ఘరానాలు, అంటే సంగీత వంశ సంప్రదాయాలు, వాదించుకుంటాయి. ఆ తగవులోకి మనం వెళ్ళనక్కర్లేదు. సరోద్ విద్వాంసుడు అమ్జద్ అలీ ఖాన్ గారిది ఆ బంగష్ వంశమే.

రాగాల ప్రయాణం తర్వాతి శతాబ్దంలో. 1860ల్లో కాబూల్ అమీర్ షేర్ అలీ ఖాన్ తన కొలువు కోసం హిందుస్తానీ గాయకుల్ని, వాద్యకారుల్ని, నర్తకుల్ని పిలిపించుకున్నాడు. వాళ్ళకి బాలా హిస్సార్ కోటకి దగ్గర్లో, పాతబస్తీలోనే ఇళ్ళిచ్చాడు. ఆ వీధే కూచా ఖరాబాత్. తరవాత నూరేళ్ళకు పైగా అఫ్గాన్ శాస్త్రీయ సంగీతం అంటే ఆ ఒక్క పేటే. వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు దరీ, పష్తో మాటలే మాతృభాషగా పెరిగారు, కాబూల్ మనుషులైపోయారు. రాజు అమానుల్లా కాలంలో ఆస్థాన గాయకుడైన ఉస్తాద్ కాసిం ఆ వీధి వాడే. ఆ తరవాతి తరంలో సరాహంగ్ అనే గాయకుడు పటియాలా ఘరానాకు చెందిన ఆషిక్ అలీ ఖాన్ దగ్గర నేర్చుకుని, తిరిగి వెళ్ళి, బేదిల్ గజళ్ళను రాగాల్లో పాడి ఇంటింటి పేరయ్యాడు. ఆ బేదిల్ అయినా మొగలుల కాలంలో ఢిల్లీలో బతికిన పారశీక కవే.

యమన్‌ను అమీర్ ఖుస్రో తెచ్చాడన్న మాట మీరూ వినే ఉంటారు. దాన్ని కథగా ఉంచుకుంటే చాలు. కాబూల్ యమన్‌కు మాత్రం దారి స్పష్టంగానే ఉంది: ఈ కొలువు ఉస్తాద్‌ల గొంతుల్లోంచే వెళ్ళింది.

సరే, రాగం చేరింది. కానీ దాన్ని వాయించాల్సిన వాద్యం సితార్ కాదు, వీణా కాదు. మీరు విన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

రుబాబ్ ఒకే మల్బరీ దుంగను తొలిచి చేస్తారు. మెడ, పొట్ట అతుకు లేకుండా ఒకటే చెక్క. మన బొబ్బిలి వీణల్లో పనసచెక్కతో చేసే ఏకాండి వీణ తెలుసుగా, అదే పద్ధతి. పైభాగానికి చెక్క మూత, కిందిభాగానికి మేకతోలు. ఆ తోలు మీద నిలబడి తీగల్ని మోసే గుర్రం (బ్రిడ్జి) కొమ్ముతోనో ఎముకతోనో చేసింది. ప్రధాన తీగలు మూడే. పూర్వం పేగు నరాలు, ఇప్పుడు నైలాన్. వాటి పక్కన శ్రుతి కోసం పొడుగు లోహపు తీగలు రెండు మూడు. అందరి కిందా సన్నటి లోహపు తీగల వరస, పది నుంచి పదిహేను దాకా, గుర్రంలోని చిన్న చిన్న కన్నాల్లోంచి దూరి వెళ్తాయి. ఇవి తరబ్ తీగలు. చేత్తో నొక్కేవి కావు. వాయించబోయే రాగం స్వరాలకు వీటిని ముందే కలిపి ఉంచితే, పైన నైలాన్ తీగ మీద ఆ స్వరం పడగానే కింద అవి వాటంతటవే మోగుతాయి. మన వీణకు ఇవి లేవు, సితార్‌కీ సరోద్‌కీ ఉన్నాయి.

ఇప్పుడు మెట్ల లెక్క చూడండి, నాకు ఈ వాద్యంలో అన్నిటికంటే ముచ్చటేసేది ఇదే. మెడ మీద నాలుగే మెట్లు, అవీ నైలాన్ దారంతో కట్టినవి. వీణకు 24 ఉంటాయి కదా, నాలుగింటితో రాగమేమిటి అనిపిస్తుంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య అర స్వరం. మూడు తీగలు ఒకదానికొకటి షడ్జమ మధ్యమాల దూరంలో, అంటే అయిదు అర స్వరాల ఎడంలో, శ్రుతి చేసి ఉంటాయి. ఖాళీ తీగ ఒకటి, మెట్ల మీద నాలుగు, కలిపి అయిదు స్వరస్థానాలు. ఆరోది పక్క తీగ ఖాళీగా మీటితే వచ్చేస్తుంది. అలా మూడు అయిదులు పదిహేను. పన్నెండు స్వరస్థానాలూ పూర్తయి ఇంకా మూడు మిగులుతాయి. ఎడమచెయ్యి మెడ మీద ఉన్నచోటే ఉంటుంది, పైకీ కిందకీ పరుగెత్తే పనే లేదు. అంతకన్నా పై స్థాయి కావాలంటేనే సన్న తీగ మీద మెట్లు దాటి, మెట్టులేని చోటికి వేలు జారుతుంది.

ఈ ఏర్పాటు వల్ల కలిగే లాభం వేగం. నష్టం గమకం. లావు నైలాన్ తీగను వీణ మీదలా పక్కకి లాగి రెండు మూడు స్వరాలు తీయలేరు. నాదం కూడా ఎక్కువసేపు నిలవదు. తోలు మీద నైలాన్ దెబ్బ కాబట్టి టక్కున పుట్టి త్వరగా ఆరిపోతుంది. కల్యాణిలో గాంధారం, నిషాదం ఊగుతూ ఉండాలని మన చెవికి అలవాటు. రుబాబ్ మీద అవి నిటారుగా నిలబడి కనిపిస్తాయి. అందుకే కర్ణాటకం విన్న చెవికి మొదట కాస్త బోసిగా అనిపిస్తుంది. సితార్ వాళ్ళకి కూడా మీండ్, అంటే స్వరం నుంచి స్వరానికి జారడం, లేక వెలితిగానే తోస్తుంది. మీరు "అలా లేదు" అన్నది నిజమే. రాగం అదే, తీవ్ర మధ్యమం అదే, గాంధారం మీద నిలబడటం అదే. నిలబడే తీరు వేరు.

మరి గమకం లేని లోటు దేనితో తీరుస్తారు? కుడిచేత్తో.

రుబాబ్‌ను మీటే ముక్క పేరు షహబాజ్. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మణికట్టు వంచి కొడతారు. కింది దెబ్బ బలంగా, పై దెబ్బ తేలిగ్గా ఉంటుంది. తరబ్ తీగల్లో అన్నిటికంటే పొట్టిదాన్ని మాత్రం మిగతావాటిలా కన్నంలోంచి పోనివ్వరు. గుర్రం అంచున చిన్న బొడిపె మీద కాస్త ఎత్తులో కూర్చోబెడతారు. అంటే దాన్ని షహబాజ్‌తో విడిగా కొట్టొచ్చన్నమాట. సితార్‌లో చికారీ, మన వీణలో తాళం తీగలు చేసే పని ఇది. కాకపోతే వీణ మీద తాళం తీగను చిటికెనవేలు మీటుతుంది, రాగం తీగల్ని మిగతా వేళ్ళు మీటుతాయి, ఎవరి పని వారిది. ఇక్కడ ఒకే షహబాజ్ రెండు పనులూ చెయ్యాలి. రాగస్వరం ఒక దెబ్బ, వెంటనే ఆ ఎత్తు తీగ మీద ఒకటో రెండో దెబ్బలు, మళ్ళీ రాగస్వరం.

ఉదాహరణకి ఎనిమిది దెబ్బలు తీసుకోండి. తకిట తకిట తక అని మూడు, మూడు, రెండుగా విడగొట్టండి. ప్రతి గుంపులో మొదటి అక్షరం రాగస్వరం, మిగతావన్నీ ఎత్తు తీగ మీద. అప్పుడు రాగం వంకరగా, తాళానికి ఎదురు నడుస్తూ వినిపిస్తుంది, తబలా మాత్రం తీన్‌తాల్ అనే పదహారు మాత్రల తాళంలో తన దారిన తాను పోతుంటుంది. తరవాతి ఆవర్తంలో అదే రాగపంక్తి ఉంచి గుంపులు మార్చేస్తారు. దీన్నే పరంద్‌కారీ అంటారు. రుబాబ్ విద్వత్తు మొత్తం దీని మీదే నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు. ఆ వీడియోలో మీకు ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపించిందని రాశారు. వినిపించింది ఇదే.

ఈ చేతిని ఒక పద్ధతికి తెచ్చినవాడు ఉస్తాద్ మహమ్మద్ ఒమర్ (1905–1980). అంతకుముందు రుబాబ్ ప్రధానంగా పక్కవాద్యం. పెళ్ళిళ్ళలో, రాత్రి కచేరీల్లో గాయకుడు కూర్చున్నాక, పాట మొదలవకముందు రుబాబ్, తబలా కలిసి ఒక నగ్మా, అంటే పాట లేని వాద్య రచన, వాయించేవాళ్ళు. సభ కుదురుకోవడానికి, గాయకుడి చెవిలో రాగం పడటానికి. గజల్ చరణానికీ చరణానికీ మధ్య కూడా వేగంగా ఒక వరస వాయించి మళ్ళీ గాయకుడికి అప్పగించడం కాబూల్ పద్ధతి. ఒమర్ రేడియో కాబూల్‌లో ఆర్కెస్ట్రా నడిపారు, జానపద వరసల్ని సేకరించి రేడియోకి అనువుగా మలిచారు. వాటితో పాటు ఆ ముందుమాటలాంటి నగ్మాను పట్టుకుని, అది ఒంటరిగా సభను నిలబెట్టగలదని చూపించారు.

దాని నిర్మాణం తెలిస్తే వినడం సులువవుతుంది. ముందు షక్ల్. అంటే ఆలాపన, తాళం లేకుండా. హిందుస్తానీ ఆలాప్‌లా గంటసేపు కాదు, కొద్ది నిమిషాలు. మొదలుపెట్టేముందు షహబాజ్‌ను తరబ్ తీగల మీదుగా జరజరా లాగుతారు, రాగం స్వరాలన్నీ వరసగా మెట్లు దిగినట్టు వినిపిస్తాయి. ఆ తరవాత తబలా అందుకుంటుంది, ఎక్కువగా పదహారు మాత్రల తీన్‌తాల్. నగ్మాలో అస్తాయీ, అంతరా, ఆభోగ్, సంచారీ అనే భాగాలుంటాయి. పేర్లు చూస్తేనే ద్రుపద్ అనే పాత హిందుస్తానీ గానపద్ధతి గుర్తుకొస్తుంది, కొలువు ఉస్తాద్‌ల సామాను అది. కట్టిన వరస పెద్దగా మారదు. మారేది కుడిచేతి నడక. ఆవర్తం ఆవర్తానికీ దెబ్బల గుంపులు మారుతూ, కాలం పెరుగుతూ, చివర తిహాయీతో, మన మాటల్లో ముక్తాయితో, సమం మీద దిగుతుంది. కల్పనాస్వరాల్లా కొత్త స్వరాలు పేర్చుకుంటూ పోవడం ఇందులో తక్కువ. మీరు దానికోసం ఎదురుచూస్తే నిరాశే. మృదంగం తనియావర్తనం వినే చెవితో వినండి.

1974లో ఒమర్ అమెరికాలోని సియాటిల్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీలో కొంతకాలం అతిథి కళాకారుడిగా ఉన్నారు. అక్కడి కచేరీలో ఆయనకి తబలా వాయించింది అప్పటికి 23 ఏళ్ళ జాకీర్ హుస్సేన్. ఆ రికార్డింగ్‌ను స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ వాళ్ళు 2002లో విడుదల చేశారు. నన్నడిగితే ముందు అదే వినండి. 69 ఏళ్ళ పెద్దాయన దెబ్బల గుంపు ఒకటి విసురుతారు, కుర్రవాడు దాన్ని అందుకుని తిరిగి చెప్తాడు. ఒకరు కాబూల్ వీధి నుంచి, ఇంకొకరు బొంబాయి నుంచి వచ్చారు. తీన్‌తాల్ ఇద్దరికీ ఒకటే కాబట్టి ఆట నడిచింది.

ఇక మీ హుమాయూన్ సఖీ. 1976లో కాబూల్‌లో పుట్టారు. తండ్రి గులాం సఖీ ఒమర్‌కి శిష్యుడు, బావమరిది వరస బంధువు కూడా. పిల్లవాడికి తండ్రే గురువు. 1992లో అంతర్యుద్ధం కాబూల్ పాతబస్తీని నేలమట్టం చేస్తున్నప్పుడు ఖరాబాత్ వీధి కూడా శిథిలమైంది, అక్కడి కుటుంబాల్లో చాలామంది పెషావర్ చేరారు. సఖీ కుటుంబమూ అంతే. పెషావర్‌లో ఖలీల్ హౌస్ అనే ఒక భవనం నిండా అఫ్గాన్ సంగీతకారులే, కింద జనం వచ్చి పెళ్ళి కచేరీలు మాట్లాడుకుపోయేవాళ్ళు. ఇరవై నిండకముందే ఆయన పేరు అక్కడ మారుమోగింది. తరవాత కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వెళ్ళారు, అఫ్గాన్‌లు ఎక్కువగా స్థిరపడ్డ ఊరు అది.

2006లో ఆగాఖాన్ మ్యూజిక్ ఇనిషియేటివ్, స్మిత్సోనియన్ కలిసి తెచ్చిన మధ్య ఆసియా సంగీత సంపుటాల్లో మూడోది పూర్తిగా ఆయనదే. తబలా తోర్యాలయ్ హాషిమీ. అందులో మధువంతి, యమన్, ఆ తరవాత కతగనీ అనే ఉత్తర అఫ్గాన్ జానపద వరస ఉన్నాయి. మధువంతి స్వరాలు మన ధర్మవతివే, ఆరోహణలో రిషభం, ధైవతం వదిలేస్తారు. ఇక్కడ సఖీ చేసిన పని గమనించండి. ఒమర్ షక్ల్‌ను నాలుగు మాటల్లో ముగిస్తే, సఖీ దాన్ని హిందుస్తానీ ఆలాప్ వైపు సాగదీశారు, నిదానంగా స్వరం స్వరం విప్పుతూ. మెట్లు దాటి సన్న తీగ మీద వేలు జార్చి, రుబాబ్‌కి లేదనుకున్న మీండ్‌ను వీలైనంత పిండారు. పరంద్‌కారీని ఒమర్ ఊహించని చిక్కుల్లోకి తీసుకెళ్ళారు.

పాత కాబూల్ రసికుల్లో కొందరికి ఇది నచ్చదు. రుబాబ్ రుబాబ్‌లా ఉండాలి, సరోద్‌లా కాదు అంటారు. నాకు సఖీ ద్రుతం కన్నా విలంబం ఇష్టం. వేగంలో ఆయన చెయ్యి అబ్బురపరుస్తుంది, నిజమే, కానీ ఆ వేగం కాసేపటికి మనల్ని ప్రేక్షకుల్ని చేసేస్తుంది. మధువంతి మొదట్లో తీవ్ర మధ్యమం మీటి, తరబ్ తీగలు ఆరేదాకా ఆగి, అప్పుడు పంచమానికి వెళ్ళే ఆ ఓపిక ఉంది చూశారూ, త్వరగా ఆరిపోయే వాద్యం మీద మౌనాన్ని వాడుకోవడం ఇంకా కష్టం.

దావూద్ ఖాన్ సదోజయ్ గురించి కూడా ఒక మాట. ఒమర్ దగ్గర రుబాబ్ నేర్చుకున్న ఈయన తరవాత అమ్జద్ అలీ ఖాన్ దగ్గర సరోద్ నేర్చుకున్నారు. జర్మనీలో ఉంటారు. రుబాబ్ తాత, సరోద్ మనవడు అనుకుంటే, ఇద్దరి దగ్గరా చదువుకున్నట్టు. ఆయన రుబాబ్ వింటే పాత కాబూల్ తూకం ఎలా ఉండేదో తెలుస్తుంది. హెరాత్‌కు చెందిన రహీం ఖుష్‌నవాజ్ వాదనం ఇంకో రుచి, ఇరాన్ గాలి తగిలిన ఊరు కదా. ఆ హెరాత్‌లోనే 1960ల్లో దుతార్ అనే రెండు తీగల పల్లె వాద్యాన్ని రుబాబ్‌ను చూసి తరబ్ తీగలు చేర్చి పద్నాలుగు తీగలకు పెంచారు. అది వేరే కథ, ఎప్పుడైనా అడగండి.

రాగాల పేర్లు వింటూ తికమక పడకండి. కాబూల్‌లో బైరమీ అంటే హిందుస్తానీ భైరవి. స్వరాలు మన తోడివి, రుచి సింధుభైరవికి దగ్గర, మన భైరవితో సంబంధం లేదు. కౌసియా అంటే మాల్‌కౌన్స్, అంటే మన హిందోళం. కుమాజ్ అంటే ఖమాజ్. భూపాలీ మన మోహన. పీలూ, కాఫీ వాళ్ళకి చాలా ఇష్టం, తేలికపాటి నగ్మాలు ఎక్కువగా వాటిలోనే. పరీ అని వాళ్ళ సొంత రాగం కూడా ఒకటుంది. ఇక మొగోలీ అని ఏడు మాత్రల తాళం వస్తే అది పష్తూన్ల సొత్తు, మిశ్రచాపు వేసుకుంటూ వినొచ్చు.

ఇప్పటి సంగతి దాటెయ్యడానికి వీల్లేదు. 1996–2001 మధ్య తాలిబాన్ సంగీతాన్ని నిషేధించింది. 2021లో మళ్ళీ వచ్చాక అదే జరిగింది. 2023లో హెరాత్‌లో వాద్యాల్ని పోగేసి తగలబెట్టిన ఫొటోలు మీరూ చూసి ఉంటారు. 2010లో అహ్మద్ సర్మస్త్ కాబూల్‌లో మొదలుపెట్టిన జాతీయ సంగీత విద్యాలయం పిల్లలు, గురువులు, కుటుంబాలు కలిపి 270 మందికి పైగా 2021 చివర్లో పోర్చుగల్ చేరారు. బడి ఇప్పుడు అక్కడే నడుస్తోంది. 2024 డిసెంబరులో యునెస్కో రుబాబ్ తయారీనీ వాదనాన్నీ మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది, అఫ్గానిస్తాన్, ఇరాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్‌ల పేరుమీద. కాబూల్‌లో మాత్రం దాన్ని బహిరంగంగా వాయించే వీలు లేదు. ఇవాళ రుబాబ్ నేర్చుకోవాలనుకునే అఫ్గాన్ కుర్రాడికైనా, మీకైనా గురువు ఎక్కువగా ఫోన్ తెరలోనే దొరుకుతాడు. ఫ్రీమాంట్‌లోనో, జర్మనీలోనో, పెషావర్‌లోనో ఉండి నేర్పుతున్నారు.

అందుకే మీ చివరి ప్రశ్నకి జవాబు: నేర్చుకోవచ్చు. అయితే కొన్ని విషయాలు ముందే తెలిసి ఉండాలి.

వైజాగ్ గాలి రుబాబ్‌కి శత్రువు. కాబూల్ పొడి ఊరు, సముద్రమట్టానికి దాదాపు 1800 మీటర్ల ఎత్తు. అక్కడి తోలు మన వర్షాకాలంలో చెమ్మ పీల్చుకుని వదులవుతుంది, గుర్రం కిందకి దిగుతుంది, తీగలు మెట్లకి తగిలి గరగరలాడతాయి, శ్రుతి జారిపోతుంది. నా దగ్గరున్నది జులై వచ్చిందంటే అలకపాన్పు ఎక్కుతుంది. గట్టి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. వాయించని రోజుల్లో ప్రధాన తీగలు కొంచెం వదులు చెయ్యండి. తోలు బిగుసుకుంటుందని హెయిర్ డ్రయ్యర్ మాత్రం దగ్గరికి పెట్టకండి. అతుకు దగ్గర తోలు ఒకసారి లేచిందంటే మళ్ళీ కొత్త తోలు వెయ్యాల్సిందే, ఆ పని తెలిసినవాడు మన జిల్లాలో దొరకడు.

తరబ్ తీగలు కలపడానికి ఓపిక కావాలి. యమన్ నుంచి కౌసియాకి మారాలంటే మధ్యమం, గాంధారం, ధైవతం, నిషాదం మార్చాలి, రిషభ పంచమాల తీగల్ని వేరే స్వరాలకి సర్దాలి. మొదట్లో ఒకే రాగం పట్టుకుని ఉండండి. యమన్ మంచిదే, మీ చెవికి కల్యాణి తెలుసు కనక అపస్వరం మీకే దొరికిపోతుంది.

వీణ నేర్చుకున్న ఎడమచెయ్యి త్వరగానే సర్దుకుంటుంది, లాగే అలవాటు మానుకోవాలంతే. కుడిచెయ్యి మాత్రం కొత్తగా అక్షరాభ్యాసం చేసుకోవాలి. స్వరాలు పక్కన పెట్టి, ఒక్క ఖాళీ తీగ, ఒక్క ఎత్తు తీగ, ఈ రెండింటి మధ్యే చతురశ్రం, తిశ్రం, ఖండం నడకలు షహబాజ్‌తో పలికించండి, మెట్రోనోమ్ పెట్టుకుని, నిదానంగా. వేగం దానంతట అదే వస్తుంది. రాగం వాయించాలన్న తొందరలో ఈ మెట్టు దాటేసినవాళ్ళ రుబాబ్ గిటార్‌లా వినిపిస్తుంది.

కొనేటప్పుడు అలంకారం చూసి మోసపోవద్దు. ముత్యపు చిప్ప పొదిగింపు ఎంత ఉంటే అంత గొప్పదన్న భ్రమ కల్పిస్తారు. గోడకు వేలాడదీసే సరుకు చాలా తిరుగుతోంది. పొట్ట, మెడ ఒకే చెక్కా కాదా చూడండి. నాలుగు మెట్ల మీదా మూడు తీగలూ మీటించి వీడియో పంపమనండి, బిరడాలు తిప్పి వదిలితే నిలుస్తున్నాయో లేదో చూపించమనండి. ఆ పొట్టి తీగ బొడిపె మీద ఎత్తులో కూర్చుందో లేదో దగ్గరగా ఫొటో అడగండి. అది సరిగా లేకపోతే పరంద్‌కారీ కుదరదు, అప్పుడు మీరు కొన్నది ఖరీదైన షోపీసే.